విశాఖ రాయి, శూళగిరి కప్పలు

రెండు వేల ఇరవై మూడు, నవంబరు నెల. శూళగిరి దాటి కృష్ణగిరి వైపు పోయే రోడ్డు పక్కన ఉంటుంది మా గ్రానైటు యూనిట్. ఇరవై రెండేళ్ళుగా నేనక్కడ లేఅవుట్ పని చూస్తున్నాను. లేఅవుట్ అంటే రాయి మీద ఏ అక్షరం ఎంత సైజులో రావాలి, ఏ బొమ్మ ఏ మూలన కూర్చోవాలి అని కంప్యూటర్లో గీసి, పనివాళ్ళకు అప్పగించి, ఆ రాయి లారీ ఎక్కేదాకా వాళ్ళ వెంటపడటం. నా పేరు సరోజమ్మ, పుట్టిన ఊరు అత్తిముగం. నోరు కాస్త పెద్దది. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే గొడవంతా ఆ నోటి వల్లే వచ్చింది.

రాయి పనిలో ఏముంది, చెక్కితే అయిపోతుంది కదా అని చుట్టాలు అడుగుతుంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. కాగితం మీద తప్పు పడితే కొట్టేసి పైన రాస్తారు. కంప్యూటర్లో పడితే ఒక మీట నొక్కితే పోతుంది. రాయి మీద కొట్టివేతలు లేవు. ఒక గుడి వాళ్ళ శిలాఫలకంలో దాత ఇంటిపేరులో ఒక దీర్ఘం తప్పిపోయినందుకు ఆ దాత మూడేళ్ళు మా గేటు ముందు నుంచి పోతూ మొహం తిప్పుకునేవాడు. అందుకని నేను అక్షరాలను అయిదుసార్లు సరిచూస్తాను. అక్షరాల్లో నా చేతి తప్పు దొరకదని అప్పట్లో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ నెల మొదట్లో ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాడు, నడుము మాత్రం నిటారుగా ఉంది. పేరు అప్పలనాయుడు. విశాఖపట్నం మనిషి, నౌకాదళంలో డైవరుగా చేసి రిటైరయ్యాడు. డైవరంటే బండి తోలే డ్రైవరు కాదు, నీళ్ళలోకి దిగి ఓడల అడుగున పని చేసేవాడు. కూతురు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఆమె దగ్గర బాగలూరు రోడ్డులో ఉంటున్నాడు. చేతిలో నాలుగు ఠావుల కాగితం, రెండు వైపులా నిండా రాసి ఉంది.

"ఇదేటంటే అమ్మా, మా విశాఖ చరిత్ర. అక్కడ మా కాలనీ అంతా రిటైరయిన నేవీ వాళ్ళమే. పార్కులో ఒక రాయి నిలబెడతాం. డిసెంబరు నాలుగు, నౌకాదళ దినం. ఆ రోజుకి రాయి అక్కడుండాలి" అన్నాడు.

కాగితాలు తిరగేశాను. సముద్రం వైపు చూస్తూ ఉండే కొండల మీద బౌద్ధ భిక్షువుల ఆరామాలు, భీమునిపట్నంలో డచ్చివాళ్ళు, తరువాత ఇంగ్లీషువాళ్ళు, డాల్ఫిన్ నోస్ కొండ పక్కన బురదనేల తవ్వి కట్టిన హార్బరు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాను విమానాలు వేసిన బాంబులు, డెబ్బై ఒకటి యుద్ధంలో ఊరి ఎదుట సముద్రంలో మునిగిపోయిన శత్రువుల జలాంతర్గామి, ఇప్పుడు బీచి ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన మన జలాంతర్గామి, అన్నీ ఉన్నాయి. మాకు తెలిసిన పెద్ద నీళ్ళు కృష్ణగిరి డ్యామే. ఇంత చరిత్ర ఒక్క ఊరికి ఉంటుందని నాకు తెలియదు.

"నాయుడప్పా, ఇదంతా రాయికి పట్టాలంటే చెరువు కట్టంత రాయి కావాల. ఆరడుగుల రాయికి పది పన్నెండు వరసలు వస్తాయి, అంతే" అన్నాను.

"అయితే నువ్వే కొయ్యి."

ఇద్దరం కూర్చుని కోశాం. ఆయన బాంబులను వదలనంటాడు, జలాంతర్గామి మీద చెయ్యి వేస్తే అరుస్తాడు. చివరికి ఒక వరస ఎక్కువైంది. "డచ్చోళ్ళని తీసేయమ్మా. ఎలాగూ వాళ్ళు వెళ్ళిపోయి చానాళ్ళయింది" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వడం మొదలుపెడితే ఆయనా నవ్వాడు, అప్పటి నుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

అప్పుడు చెప్పాడు అసలు షరతు. అక్షరాలు లోపలికి చెక్కకూడదట, పైకి లేవాలట. బొమ్మలు కూడా అలాగే లేవాలి. మామూలుగా మేము రాయి మీద రబ్బరు షీటు అతికించి, అక్షరాల మేరకు షీటు కత్తిరించి తీసేసి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతాం. రబ్బరు లేని చోట రాయి లోతుకు పోతుంది, అక్షరం పడుతుంది. దీన్ని శాండ్‌బ్లాస్టింగ్ అంటారు. అక్షరం పైకి లేవాలంటే తిరగేసి చేయాలి. అక్షరం మీద రబ్బరు ఉంచి, చుట్టూ ఉన్న రాయినంతా దించాలి. పని రెండింతలు, తప్పు పడితే నష్టం నాలుగింతలు.

"ఎందుకప్పా ఇంత పీకులాట? లోపలికి కొట్టి బంగారు రంగు నింపితే తళతళమంటాది" అన్నాను.

ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. తరువాత నూకరాజు సంగతి చెప్పాడు. నూకరాజు, ఈయన ఇరవై ఏళ్ళు జంటగా నీళ్ళలోకి దిగారు. నూకరాజుకు షుగరు వల్ల రెండు కళ్ళూ పోయాయి. ఏడాదిగా ఇల్లు కదలడం లేదు.

"హార్బరు నీళ్ళలో కళ్ళేటి పనికొస్తాయనుకున్నావమ్మా? నీ చెయ్యి నీకే కనపడదు. అంతా తడుముడే. నూకరాజు ఓడ అడుగున వేళ్ళతో తడిమి, పైకొచ్చి, పగులు ఎక్కడుంది ఎంతుంది అని బొమ్మ గీసి ఇచ్చేసేవోడు. అలాంటోడు ఇప్పుడు మంచం ఎక్కి గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు. రాయి పెడుతున్నాంరా అని ఫోన్లో చెప్తే, గుడ్డోడికి రాయెందుకురా, మీరు చదువుకోండి అన్నాడు. నాకు మండింది. నీ చేత్తో నువ్వే చదువుతావురా, చదవకపోతే నా పేరు మార్చుకుంటానన్నాను. వస్తానన్నాడు. ఒక్కసారి వస్తానన్నాడు. చేతికి అందకపోతే మరింక వాడు గడప దాటడు. నాకు తెలుసు."

అదీ విషయం. రాయి విశాఖ చరిత్ర కోసం అని కాలనీ కమిటీ అనుకుంటోంది. ఈయనకు మాత్రం ఆ రాయి ఒక మనిషి కోసం. అది విన్నాక కాదనడం నా వల్ల కాలేదు. బయటికి మాత్రం, "సరేలే, సాంపిల్ చేసి చూస్తాం" అని విసుక్కున్నట్టే అన్నాను.

వారంలో మూడు సాంపిళ్ళు చేయించాను. నాయుడు వచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళతో చదివేవాడు. మొదటి దాంట్లో 'మ'కూ 'వ'కూ తేడా తెలియలేదు, సముద్రాన్ని 'సవుద్రం' అని చదివాడు. రెండో దాంట్లో ఒత్తులు పై అక్షరానికి అతుక్కుపోయాయి. మూడో దాంట్లో అక్షరం లావు తగ్గించి, ఎడం పెంచి, ఒత్తులను కిందికి లాగాను. గడగడా చదివేశాడు. ఆ రోజు మా యూనిట్‌లో నేను నేల మీద నడవలేదు.

అక్షరాలు మిషను పని. బొమ్మలు మనిషి పని. ఆ పని వీరాచారిది. పల్నాడు నుంచి మూడు నెలల కిందట వచ్చాడు, నలభై ఏళ్ళవాడు, దేవుడి విగ్రహాలు చెక్కే ఇంటివాడు. అతని చేతిలో ఉలి పడితే రాయి మాట వింటుంది. కమిటీ వాళ్ళు ఓడల ఫొటోలు పంపుతామని పంపలేదు. అందుకని లేఅవుట్‌లో పైపట్టీ మధ్యలో లంగరు గీసి, దానికి రెండు పక్కలా రెండు గళ్ళు ఖాళీగా వదిలాను, ఫొటోలు వచ్చాక చెప్పొచ్చులే అని. నా మొదటి తప్పు అది.

రెండో తప్పు చెప్పే ముందు మా తెలుగు సంగతి కొంచెం చెప్పాలి. మా హోసూరు వైపు చుట్టూ అరవం, కన్నడం. అరవంలో ఓడను కప్పల్ అంటారు. మా నోట్లో పడి అది 'కప్పలు' అయింది. ఓడ అనే మాట మాకు బడిపుస్తకంలో ఉంటుంది గాని నోటికి రాదు. మరి చెరువులో బెకబెకమనే కప్పలతో కలిసిపోదా అంటే, మాకు కలవదు. 'కప్పలు వచ్చింది' అంటే ఓడ. 'కప్పలు వచ్చినాయి' అంటే కప్పలు. క్రియ వినగానే మాకు తెలిసిపోతుంది, ఇన్నేళ్ళలో ఎవరూ తికమకపడింది లేదు.

ఆ ఆదివారం బాగలూరులో మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం. ఒక పక్క నాదస్వరం, ఒక పక్క మైకులో పేర్లు పిలుస్తున్నారు. అప్పుడు వీరాచారి ఫోను చేశాడు.

"అక్కా, అక్షరాలన్నీ లేచినయ్. పైన రెండు గళ్ళు ఖాళీగా ఉన్నయ్యే, ఏం బొమ్మలు చెక్కమంటావ్?"

లారీ బయలుదేరడానికి ఇంక తొమ్మిది రోజులుంది. ఫొటోల కోసం కూర్చుంటే లాభం లేదనిపించింది.

"ఆ పక్కొకటి ఈ పక్కొకటి కప్పలు రావాలప్పా" అన్నాను.

"కప్పలా?"

"అవును, కప్పలే. రాయి పొయ్యేది యాడికి? వైజాగుకు కదా? అవి లేకుంటే ఎట్ల?"

"ఎట్టాంటివక్కా?"

"యుద్ధానివి."

"యుద్ధానివంటే... చూడటానికి ఎట్టుంటయ్?"

"చూస్తే భయం పుట్టాల. ముందర భాగం పైకెత్తుకోని ఉండాల. కింద అలలు పెట్టు. నీళ్ళు చీల్చుకోని ఒక్క దూకు దూకినట్ల ఉండాల."

"ఓ, దూకేటట్టా! అది నాకు వదిలెయ్యక్కా."

"ఆ పెద్దాయన చెప్పినాడు కదా, చేత్తో తడిమితే తెలియాల. వొళ్ళు బాగా లేపు."

"లేపుతా. కళ్ళు గుండ్రంగా పెట్టనా?"

మైకులో అప్పుడే మా బావ పేరు పిలిచారు. ఓడకు గుండ్రంగా కిటికీలుంటాయి కదా, వాటినే అంటున్నాడనుకున్నాను. "గుండ్రంగానే పెట్టు, రెండు చాలు" అని ఫోను పెట్టేసి భోజనాల దగ్గరికి పోయాను. ఒబ్బట్లు బాగున్నాయి, మూడు తిన్నాను.

ఇప్పుడు చూడండి నా కర్మ. 'కప్పలు వచ్చింది' అని ఉంటే వీరాచారి ఇదేం తెలుగురా అని ఆగేవాడు. నేనన్నది 'కప్పలు రావాల'. ఆ 'రావాల' ఒకటికీ సరిపోతుంది, పదింటికీ సరిపోతుంది.

నిశ్చితార్థం, తరువాత ఇంట్లో జ్వరాలు, అన్నీ కలిపి మూడు రోజులు సెలవు పెట్టాను. నాలుగో రోజు పొద్దున యూనిట్‌కు పోయేసరికి వీరాచారి రాయి మీద నీళ్ళు చల్లి కడుగుతున్నాడు. "రా అక్కా, చూడు" అన్నాడు, కొత్త బట్టలు కట్టుకున్నవాడిలాగా మెరిసిపోతూ.

చూశాను. రెండు కప్పలు. ఒక్కొక్కటి జానెడున్నర. అల మీద వెనక్కాళ్ళు తన్నిపెట్టి, ఛాతీ ఎత్తి, ఒకదానికొకటి ఎదురుగా లంగరు మీదికి దూకుతున్నాయి. కనుబొమలు లేని జీవాలకు కూడా ఎలా తెచ్చాడో గాని మొహాల్లో కోపం ఉంది. నిజంగానే చూస్తే భయం పుట్టింది నాకు.

"ఇదేందప్పా ఇది!"

"యుద్ధపు కప్పలక్కా."

"అయ్యో నీ పాసుగూల! నేను చెప్పింది కప్పలు కదప్పా!"

"నేను చెక్కింది అయ్యే గదక్కా!"

ఇద్దరం ఒకే మాటను ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నాం. నేను చేతులు తిప్పి, పొగగొట్టం చూపించి, బుర్రుమని కూత కూసి, "నీళ్ళ మీద పోతాదే, మనుషులు ఎక్కుతారే, అది!" అని అరిస్తే అప్పటికి అతనికి అర్థమైంది. "ఓడా?" అన్నాడు. పాలిషింగ్ దగ్గరున్నవాళ్ళు మిషను ఆపి మరీ నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేవీ రాయి మీద కప్పలేందని ఒక మాట అడిగేది లేదా అప్పా?"

"అడిగాను గదక్కా, రెండుసార్లు అడిగాను. మరి పటాలాలకు గుర్తులుంటయ్యి గదా, పులులని, ఏనుగులని. వీళ్ళు నీళ్ళలో ఉండేవాళ్ళు, కప్పను పెట్టుకున్నారేమోలే అనుకున్నా."

చెప్పొద్దూ, ఆ ఆలోచనలో తప్పేమీ కనిపించలేదు. తప్పంతా నాదే. అది అర్థమయ్యాక ఇంకా కోపం వచ్చింది.

ఉబ్బెత్తు పనిలో ఉన్న చిక్కు ఏమిటంటే, చుట్టూ రాయి దించేశాక కప్ప ఉన్న చోట కప్ప మేరకే రాయి మిగులుతుంది. దాన్ని ఓడ చేయాలంటే కొత్తగా రాయి పుట్టదు. వీరాచారి పాపం సుద్దముక్కతో ప్రయత్నించాడు. "వెనక్కాళ్ళు తీసేస్తే నాటు పడవ అవుద్దేమో అక్కా" అన్నాడు. తల వంచి చూసి, "కళ్ళే అడ్డం వస్తున్నయ్" అన్నాడు. కొత్త రాయి తీసి, పాలిషు పెట్టి, మళ్ళీ అక్షరాలు లేపాలంటే పదిహేను రోజులు. లారీకి ఆరు రోజులుంది. నాలుగో తేదీ తప్పితే పార్కులో పండగ తరువాతైనా చేసుకుంటారు. ఒక్కసారి వస్తానన్న నూకరాజు మాత్రం రెండోసారి వస్తాడా? మధ్యాహ్నం డబ్బా తెరిచి, మూసేశాను.

నాయుడికి నేనే ఫోను చేశాను. "ఒక తప్పు జరిగిపోయింది, మీరొకసారి రాండప్పా" అన్నాను. సంగతి ఫోన్లో చెప్పే ధైర్యం లేకపోయింది. రెండు గంటల్లో బస్సు దిగాడు. రాయి దగ్గరికి తీసుకుపోయి, మా తెలుగులో కప్పలంటే ఏమిటో, ఆదివారం ఫోన్లో ఏం జరిగిందో, ఒక్క మాట దాచకుండా చెప్పాను. వీరాచారి దూరంగా ఉలి పట్టుకుని నిలబడ్డాడు.

నాయుడు రాయి దగ్గరికి జరిగాడు. కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి పెట్టి తడిమాడు. అల దగ్గర మొదలుపెట్టి, కాలి మడత మీదుగా వీపు మీదికి, అక్కడి నుంచి కళ్ళ దాకా పోయి ఆగాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను.

"ఈ ఆచారికెవడు చెప్పాడమ్మా?" అన్నాడు, ఇంకా కళ్ళు తెరవకుండానే.

"ఏమనప్పా?"

"మేం కప్పలమని!"

ఇక ఆపుకోలేకపోయాడు. పగలబడి నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నీళ్ళు తెప్పించి కూర్చోబెట్టాం. డైవర్లను ఇంగ్లీషులో ఫ్రాగ్‌మెన్ అంటారట, కప్ప మనుషులని. కాళ్ళకు రబ్బరు రెక్కలు తొడుక్కుని దిగుతారు కదా, అందుకని.

"ఆ రెక్కలేసుకుని గట్టు మీద నడుస్తుంటే ఓడెక్కినోళ్ళంతా మమ్మల్ని చూసి బెకబెకమనేవోళ్ళు. నూకరాజు తిరిగి బెకబెకమనేవోడు. ఇన్ని కాగితాలు రాశాను, ఓడలు రాశాను, బాంబులు రాశాను, మేమిద్దరం ఏటి చేశామో ఒక్క ముక్క రాయలేదమ్మా. నాకు నేనుగా ఎలా రాసుకుంటాను? మీ ఆచారి రాసేశాడు. ఇది నేను, అది వాడు. ఆ కోపం చూడు, అచ్చం వాడి కోపమే. వీటి మీద చెయ్యి పడితే ఊరుకోను."

"మరి కమిటీవాళ్ళు ఓడలేవీ అంటే?" అన్నాను.

వీరాచారి అప్పటికి ముందుకు వచ్చాడు. రాయి కింది అంచున జానెడు పట్టీ ఇంకా దించకుండా పాలిషు మీదే ఉంది. "ఇక్కడ రాయి ఉందక్కా. ఒక ఓడ, ఒక జలాంతర్గామి నాలుగు రోజుల్లో లేపుతా. ఈసారి మాత్రం నువ్వు గీసి చూపియ్యి" అన్నాడు. గీశాను. ఓడ కింద 'ఓడ' అని రాశాను కూడా.

నాయుడు పోతూ పోతూ ఒక్క మాట అన్నాడు. "నూకరాజుకి ఎవరూ చెప్పకూడదు." మరి మీరిద్దరూ కూడా రావాలి అని పట్టుబట్టాడు. నేను సముద్రం చూడలేదని అప్పటికే కూపీ లాగి ఉన్నాడు.

బెంగళూరు పోయి రైలెక్కాం, వీరాచారి, నేనూ. విశాఖలో ఆటో బీచి రోడ్డు ఎక్కేసరికి నేను సగం బయటికి వంగి చూశాను. ఎన్ని నీళ్ళు, ఏం నీళ్ళు! దూరంగా హార్బరు వైపు ఒక పెద్ద ఓడ పోతోంది. వీరాచారి నా మోచేతిని పొడిచి, "అక్కా, కప్పలు వచ్చింది" అన్నాడు. క్రియతో సహా నేర్చుకున్నాడు, వెధవ.

నాలుగో తేదీ పొద్దున పార్కులో యాభై అరవై మంది ఉన్నారు. కమిటీ పెద్దలు గుడ్డ తీశారు, చప్పట్లు కొట్టారు. పైపట్టీ చూసి కొందరు మొహాలు చూసుకున్నారు గాని, పాత డైవర్లు ఇద్దరు ముగ్గురు ఫక్కుమన్నారు. నాయుడు వాళ్ళకు వేలు చూపించి నోరు మూయించాడు. నూకరాజును అప్పుడు మనుమరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సన్నటి మనిషి, నల్ల కళ్ళద్దాలు, తెల్ల చొక్కా. "ఎందుకురా నన్నీ ఎండలోకి లాక్కొచ్చారు" అని గొణుగుతూనే ఉన్నాడు.

"ముట్టుకో" అన్నాడు నాయుడు.

చెయ్యి చాపాడు. మొదటి అక్షరం మీద వేళ్ళు చాలాసేపు నిలిచిపోయాయి. ఆ సాంపిళ్ళు చదివింది చూపున్న మనిషి కదా, కళ్ళు మూసుకున్నంత మాత్రాన ఇద్దరూ ఒకటవుతారా అని ఆ క్షణంలో తట్టింది. "వి" అన్నాడు. తరువాత "శా." తరువాత కొంచెం త్వరగా, "ఖ." రెండో వరసకు వచ్చేసరికి వేళ్ళు పరుగెత్తుతున్నాయి, నోరు వెంట పరుగెత్తుతోంది. కొండల మీది భిక్షువులు అయ్యారు, హార్బరు అయింది, బాంబులు అయ్యాయి. ఒక చోట ఆగి, "ఈ 'ర'కి తలకట్టు చివర పెచ్చు లేచింది, చూసుకోండి" అన్నాడు. పోయి చూశాను. బియ్యపు గింజంత పెచ్చు. అయిదుసార్లు సరిచూసిన నా కంటికి అది ఆనలేదు.

పన్నెండు వరసలూ చదివాడు. కింది పట్టీలో ఓడను, జలాంతర్గామిని తడిమి, పేర్లు చెప్పి, తల ఊపాడు. అప్పుడు చెయ్యి పైకి పోయింది.

"అలలు. ఇదీ ఓడేటి? ముందు భాగం లేచింది..." వేళ్ళు వెనక్కి జరిగాయి. "ఓడకి తొడలుంటాయేట్రా?"

చెయ్యి వీపు మీదుగా పోయింది, కళ్ళ మీద ఆగింది. రెండు గుండ్రటి కళ్ళు. మనిషి మొహం మారిపోయింది.

"ఒరే అప్పలనాయుడూ. ఇది కప్పరా!"

అని ఒక్క నవ్వు నవ్వాడు. ఏడాది నవ్వు దాచుకున్నట్టు నవ్వాడు. జనమంతా నవ్వుతుంటే ఉన్నట్టుండి ఆగి, తల అటూ ఇటూ తిప్పి, "రెండోదేదిరా?" అన్నాడు. ఒకటుంటే రెండోది ఉండి తీరాలి అన్నట్టు అడిగాడు. చెయ్యి పట్టుకుని చూపించబోయిన మనుమరాలిని నాయుడు ఆపాడు. నూకరాజు వేళ్ళు లంగరు దాకా వచ్చాయి, లంగరు దాటాయి, నున్నటి రాయి మీద కాసేపు వెతికాయి, అవతలి కప్ప తల దొరికింది. దాని మీద అరచెయ్యి మొత్తం ఆనించాడు.

"ఇక్కడున్నావేటి" అన్నాడు.

నాయుడు ఆ చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. పక్కన వీరాచారి ముక్కు ఎగబీలుస్తున్నాడు. నేనైతే సిగ్గు పడకుండా ఏడ్చాను.

నూకరాజు ఇప్పుడు రోజూ పొద్దున పార్కుకు పోతున్నాడని నాయుడు ఫోన్లో చెప్పాడు. రాయి పక్కన బెంచీ ఆయనదే. వచ్చినవాళ్ళను కళ్ళు మూసుకుని చదవమంటాడట, తప్పు చదివితే ఒప్పుకోడట. ఇక మా యూనిట్ సంగతి. బొమ్మలకు ఫోన్లో చెప్పడం మానేశాను. వీరాచారి సుద్దతో రాయి మీద గీసి చూపించాకే ఉలి పట్టుకుంటున్నాడు. అది అతని పద్ధతిలో వచ్చిన మార్పు. నా పద్ధతిలో వచ్చింది ఇంకొకటి ఉంది. ఏ రాయైనా సరే, లారీ ఎక్కే ముందు కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా చేత్తో ఒకసారి చదువుతాను. పాలిషింగ్ దగ్గరివాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. మొదటి నెలలోనే మూడు తప్పులు దొరికాయి. కళ్ళు తెరుచుకుని ఇరవై రెండేళ్ళు పంపించిన రాళ్ళలో ఎన్ని ఉండిపోయాయో, తలుచుకుంటేనే నాకు భయమేస్తుంది.